పైకప్పు సౌర విద్యుత్తుకు అప్పు దొరుకుతుంది.. గడువే కీలకం
వరదను తట్టుకునే ఏర్పాట్లనూ అదే రుణ అంచనాలో చేర్చుకోవడం మేలు

అనంతగిరి: 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన కుండపోత వానకు మరుసటి రోజు కోదాడ పట్టణంలోని లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి. నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. ఇటువంటి విపత్తులో వ్యాపారికి రెండు విధాల నష్టం వాటిల్లుతుంది. నీరు చేరి సరకు పాడవుతుంది. కరెంటు పోయి మిగిలిన పని ఆగిపోతుంది. విద్యుత్తు ఖర్చు తగ్గించుకోవడం, వరదను తట్టుకునేలా భవనాన్ని సిద్ధం చేసుకోవడం రెండూ పెట్టుబడితో కూడిన పనులే. కోదాడ, ఖమ్మం మధ్య ఉన్న అనంతగిరి మండలంలోని దుకాణాలు, గోదాములు, మిల్లుల యజమానులకు ఆ పెట్టుబడి ఏ దారిలో లభిస్తుందన్నదే ప్రశ్న.

రాయితీ ఇళ్లకే
2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ లభిస్తుంది. అది నివాస గృహాలకు మాత్రమే. వాణిజ్య భవనాలకు వర్తించదు. అయినా సౌర విద్యుత్తు ఎక్కువ గిట్టుబాటయ్యేది వ్యాపారులకే. 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలో వాణిజ్య వినియోగదారులకు 300 యూనిట్లు దాటితే యూనిట్‌కు రూ.10.40, 500 దాటితే రూ.11 చొప్పున ధర నిర్ణయించారు. చిన్న పరిశ్రమలకు అదే ఉత్తర్వులో రూ.7.70 ఉంది. యూనిట్ ధర ఎంత ఎక్కువైతే పొదుపు అంత ఎక్కువ.

లెక్క తేలేది ఇలా..
ఒక కిలోవాట్ సౌర పలకలకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని స్థలం కావాలి. ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు వస్తాయి. ఉదాహరణకు 20 కిలోవాట్ల ఏర్పాటుకు రూ.11 లక్షలు ఖర్చవుతుందని అనుకుందాం. అందులో రూ.2.20 లక్షలు యజమాని పెట్టుకుని, మిగిలిన రూ.8.80 లక్షలు పది శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు రూ.18,700 అవుతుంది. యూనిట్‌కు సగటున రూ.10 చెల్లించే దుకాణదారుకు నెలకు దాదాపు రూ.23,300 మిగులుతుంది. వాయిదా పోను ఇంకా చేతిలో ఉంటుంది.

అదే ఏర్పాటును రూ.7.70 చెల్లించే చిన్న మిల్లు చేసుకుంటే పొదుపు నెలకు దాదాపు రూ.18 వేలే. వాయిదాకు కొద్దిగా చాలదు. గడువు ఏడేళ్లకు పెంచితే వాయిదా రూ.14,600కు దిగుతుంది. మొత్తంగా కట్టే వడ్డీ పెరిగినా నెలవారీ భారం పొదుపులోనే ఇమిడిపోతుంది. కనుక బ్యాంకును అడగవలసిన మొదటి విషయం వడ్డీ ఒక్కటే కాదు, గడువు కూడా.

అప్పు ఎక్కడ దొరుకుతుంది?
పునరుత్పాదక ఇంధన ప్రాజెక్టులకు రూ.35 కోట్ల వరకు ఇచ్చే రుణాలను రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ నుంచి ప్రాధాన్య రంగ రుణాలుగా పరిగణిస్తోంది. సూక్ష్మ, చిన్న సంస్థలు తనఖా లేకుండా తీసుకునే రుణాలకు పూచీ ఇచ్చే కేంద్ర హామీ నిధి పరిమితిని అదే నెలలో రూ.5 కోట్ల నుంచి రూ.10 కోట్లకు పెంచారు. ఈ పూచీకి రుసుము ఉంటుంది.

మిల్లులకు మరో మార్గముంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ఇంధనం. కానీ మోటార్లు నడవాలంటే కరెంటు కావాలి. పాత మోటార్లు, బాయిలర్ల స్థానంలో తక్కువ ఇంధనంతో నడిచేవి అమర్చుకునే సంస్థలకు ఇంధన సామర్థ్య బ్యూరో 2025 జులైలో వడ్డీ రాయితీ పథకం ప్రారంభించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు అయిదు శాతం, మధ్యతరహా సంస్థలకు మూడు శాతం రాయితీ ఇస్తారు. కనీసం పది శాతం ఇంధనం ఆదా అవుతుందని చూపాలి. ఎంపిక చేసిన రంగాల్లో ఆహార శుద్ధి కూడా ఉంది.

సౌర పరికరాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆదాయపు పన్ను లెక్కల్లో వీటిపై 40 శాతం తరుగుదల చూపుకోవచ్చు. అయితే ఖాతాలు రాయకుండా అంచనా ఆదాయంపై పన్ను కట్టే చిన్న వ్యాపారికి ఈ తరుగుదల విడిగా లభించదు.

అద్దె దుకాణం చిక్కు
పైకప్పు యజమానిది, కరెంటు బిల్లు అద్దెదారుది అయినప్పుడు పెట్టుబడి ఎవరు పెట్టాలన్నది తేలదు. అద్దెదారు పెడితే, ఖాళీ చేసే రోజున పలకలు అక్కడే మిగిలిపోతాయి. అమెరికాలో ఈ చిక్కుకు ఒక దారి కనుగొన్నారు. 2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన ‘పేస్’ విధానంలో అప్పు మనిషికి కాక ఆస్తికి ముడిపడుతుంది. ఆస్తిపన్నుతో కలిపి వాయిదా కడతారు. భవనం అమ్మితే మిగిలిన వాయిదాలు కొన్నవారికి బదిలీ అవుతాయి. ఫ్లోరిడాలో తుపాను గాలులను తట్టుకునే పనులకూ ఈ రుణం వర్తిస్తుంది. ఇళ్ల విషయంలో పేదలపై భారం పడుతోందన్న విమర్శలూ వచ్చాయి. ఇటువంటి విధానం మన రాష్ట్రంలో లేదు. ఇక్కడ యజమాని, అద్దెదారు పొదుపులో వాటాలను, ఒప్పంద కాలాన్ని ముందే రాసుకోవడమే మార్గం.

కరెంటు పోతే సౌర విద్యుత్తూ ఆగుతుంది
నెట్ మీటరింగ్‌తో లైనుకు కలిపిన సాధారణ ఇన్వర్టర్, సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా చేసిన ఏర్పాటు ఇది. వరద రోజున దీపం వెలగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ అవసరం. ఖర్చు పెరుగుతుంది కనుక బిల్లింగ్ యంత్రం, శీతల పెట్టె, నీటి మోటారు వంటి అత్యవసరాలకు సరిపడా పెట్టుకుంటే చాలు. ఇన్వర్టర్‌ను, ప్రధాన స్విచ్ బోర్డును గతంలో నీరు చేరిన ఎత్తుకు పైన అమర్చుకోవాలి. సరకు కింద దిమ్మెలు, మురుగు కాల్వ మరమ్మతు ఖర్చులనూ రుణ అంచనాలోనే చేర్చి బ్యాంకును అడగడం మేలు. తరువాత విడిగా మళ్లీ అప్పు కోసం తిరగనవసరం ఉండదు.

సంతకానికి ముందు..
పలకల సామర్థ్యం మంజూరైన లోడును మించకూడదు. కేంద్ర నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అవసరం లేదు. అంతకు మించితే 15 రోజుల్లో పూర్తిచేయాలి. రూ.5 కోట్లలోపు విలువగల సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ బీమా వరద నష్టానికీ వర్తిస్తుంది. కొత్తగా అమర్చిన పలకల విలువను పాలసీలో చేర్పించకపోతే పరిహారం అడిగేటప్పుడు చిక్కు తప్పదు. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, పొదుపును, వాయిదాను పక్కపక్కన వేసి చూసిన తరువాతే సంతకం చేయడం శ్రేయస్కరం.