అవధానము - ధారణ

అష్టావధానసభ చూచినవారికి మొదట కలుగు సందేహ మొకటే: ఇంతటి జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చినదా, అభ్యాసమువలన కలిగినదా? పాఠము గుర్తుండక, తాను మందమతినని దిగులుపడు విద్యార్థికిని ఈ ప్రశ్నతో సంబంధమున్నది.

విజయనగరమునకు అవధానవిద్య కొత్త కాదు. బొబ్బిలి ప్రాంతమున అజ్జాడలో 1864లో జన్మించి, 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు హరికథకుడే కాక అవధాని కూడ.

అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. నిషిద్ధాక్షరి అడుగువారు అక్షరమక్షరమునకు అడ్డుపడుదురు. అప్రస్తుత ప్రసంగి కబుర్లతో మనస్సును చెదరగొట్టును. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు, నాలుగు ఆవృత్తులలో పద్యములు ముగించి, చివర అన్నిటిని వరుసగా అప్పగించును. ఇదియే ధారణ.

మనస్సు ఒక్కమారు పట్టియుంచగలది చాల స్వల్పము. సంబంధములేని అంకెలైనచో సుమారు ఏడు మాత్రమే అని 1956లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ వివరించెను. ఉత్పలమాల పాదమున 20 అక్షరములు, పద్యమున 80. ఇవి నిలుచుట ఎట్లు?

1980లో ప్రకటితమైన ఒక ప్రయోగము దీనికి సమాధానము చెప్పుచున్నది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఎరిక్సన్, చేజ్ మొదలగువారు ఒక కళాశాల విద్యార్థికి అంకెలు వినిపించి అప్పగింపజేసిరి. మొదట 7 అంకెలు చెప్పగలిగిన అతడు సుమారు 230 గంటల అభ్యాసముతో 79 చెప్పగలిగెను. అతడు పరుగుపందెములవాడు, మూడు నాలుగు అంకెలను కలిపి పందెపు కాలములుగా భావించుకొనెను. అంకెలకు బదులు అక్షరములు వినిపించినపుడు మాత్రము ఆరు దగ్గరనే ఆగిపోయెను. అనగా పాత్ర పెరుగలేదు. సరుకును మూటకట్టు నేర్పు పెరిగినది.

ఛందస్సు కవికి ఇట్టి మూటలనే ఇచ్చును. ఉత్పలమాల పాదమందలి 20 అక్షరములు 7 గణములు. రెండవ అక్షరము ప్రాస, పదవది యతి. ఒక మాట మరపునకు వచ్చినను ఈ గుర్తులు దానిని పట్టియిచ్చును. అర్థము వీనినన్నిటిని ఒక దారమున గ్రుచ్చును.

ధారణతోపాటు మనస్సును త్రిప్పుకొను నేర్పును కావలెను. ఒక పనినుండి వేరొక పనికి మారినప్పుడెల్ల కొంత ఆలస్యము, కొన్ని తప్పులు కలుగునని ప్రయోగములు తెలుపుచున్నవి. ముందుగా సిద్ధపడినచో ఈ నష్టము తగ్గును గాని పూర్తిగా పోదు. నిషిద్ధాక్షరిలో నోటివరకు వచ్చిన మాటను విడిచి, అదే గణమునకు సరిపడు మరొక మాటను అప్పటికప్పుడు వెదకుకొనవలెను.

విద్యార్థి దీనినుండి గ్రహింపవలసిన దేమి? 2006లో రోడిగర్, కార్పికె అనువారు ప్రకటించిన ప్రయోగములో, పాఠమును మరల మరల చదివినవారు ఐదు నిమిషముల తరువాత ముందుండిరి. చదివినదానిని జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారు వారము తరువాత ముందుండిరి. అవధానియు పాదములను పుస్తకమున చూడడు, మనస్సునుండియే తెచ్చుకొనును.

పద్యములందలి అభ్యాసము గణితమునకు దానంతటదే అక్కరకు రాదు. ఏ విద్యకు ఆ విద్యలోనే మూటలు కట్టుకొనవలెను. అయితే పుస్తకము మూసి, కొంత విరామమిచ్చి, పాఠమును తనకు తానే అప్పగించుకొను అలవాటు ఏ విద్యార్థికైనను సాధ్యమే.