బాల సాక్షులు

బాల సాక్షి అనగా న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పే 18 సంవత్సరాల లోపు వ్యక్తి. పిల్లలపై లైంగిక నేరాలు సాధారణంగా ఇతరులెవరూ లేని చోట జరుగుతాయి కనుక, చాలా కేసులలో బాధిత బాలిక లేదా బాలుడే ఏకైక సాక్షి. పెద్దల కొరకు ఏర్పడిన విచారణ పద్ధతులలో ఆ సాక్ష్యం చెప్పవలసి రావడమే వీరి ప్రధాన సమస్య.

సాక్ష్యార్హత

భారతదేశంలో సాక్ష్యం చెప్పడానికి కనీస వయస్సు నిర్ణయించబడలేదు. ప్రశ్నను అర్థం చేసుకొని తగిన సమాధానం ఇవ్వగలిగితే చాలును. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ నియమం, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతున్నది. న్యాయమూర్తి ముందుగా పేరు, బడి, కుటుంబం వంటి విషయాలు అడిగి పిల్లల అవగాహనను పరీక్షిస్తారు. నమ్మదగినదైతే బాల సాక్ష్యం ఒక్కదానిపైనే శిక్ష విధించవచ్చునని సుప్రీంకోర్టు 1997లో దత్తు రామ్‌రావ్ సఖారే కేసులో పేర్కొన్నది. ఇతరులు నేర్పిన మాటలు చెప్పే అవకాశం ఉన్నందున ఇట్టి సాక్ష్యాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి.

ఎదురయ్యే ఇబ్బందులు

* పునరుక్తి: జరిగినదానిని పోలీసులకు, వైద్యులకు, మేజిస్ట్రేటుకు, చివరకు న్యాయస్థానానికి మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వస్తుంది.
* జాప్యం: ఆరేళ్ళప్పుడు జరిగిన సంఘటన గురించి తొమ్మిదేళ్ళప్పుడు అడిగితే తేదీలు, వేళలు గుర్తుండకపోవచ్చు. ఈ తేడాలనే ప్రతిపక్ష న్యాయవాది అబద్ధాలుగా చూపే ప్రయత్నం చేస్తారు.
* క్రాస్ ఎగ్జామినేషన్: రెండు మూడు విషయాలు కలిపిన ప్రశ్నలు, "కాదు కదా" అని ముగిసే ప్రశ్నలు పిల్లలను తికమక పెడతాయి. పెద్దవారికి ఎదురు చెప్పలేక తల ఊపేవారు కూడా ఉంటారు.
* భయం, ఒత్తిడి: నిందితుడిని చూడగానే మాట రాకపోవచ్చు. అతడు బంధువైతే సాక్ష్యం మార్చుకొమ్మని ఇంటివారే ఒత్తిడి చేయవచ్చు.

చట్టపరమైన రక్షణలు

సాక్షి అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు, నిందితుడు కనిపించకుండా తెర ఏర్పాటు చేయాలని, విచారణలో తగినంత విరామం ఇవ్వాలని ఆదేశించినది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం వీటిని విస్తరించినది. దీని ప్రకారం న్యాయవాదులు తమ ప్రశ్నలను న్యాయమూర్తి ద్వారానే అడగాలి. దూకుడు ప్రశ్నలను అనుమతించరాదు. విచారణ బహిరంగంగా కాక, తల్లిదండ్రులు లేదా పిల్లలు నమ్మిన వ్యక్తి సమక్షంలో జరగాలి. కేసును విచారణకు స్వీకరించిన 30 రోజులలో పిల్లల సాక్ష్యం నమోదు చేయాలి; ఆలస్యమైతే కారణాలు వ్రాయాలి.

ఆచరణ

హైదరాబాదులో 2018లో భరోసా కేంద్రంలో బాలల స్నేహపూర్వక న్యాయస్థానం ప్రారంభమైనది. సాక్ష్యం చెప్పడానికి ప్రత్యేక కేంద్రాలు ఏర్పాటు చేయాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అయితే గది, తెర మాత్రమే సరిపోవు. సాక్షిని ప్రశ్నించుట నిందితుని హక్కు. ఆ హక్కుకు భంగం కలుగకుండా, ప్రశ్నను పిల్లలకు అర్థమయ్యే మాటలలోకి మార్చి అడిగే బాధ్యత న్యాయమూర్తిదే. సాక్ష్యం విలువ చాలావరకు ఆ ప్రశ్న అడిగిన తీరుపై ఆధారపడి ఉంటుంది.