పొట్ట మీద సూది: ఇంట్లో వేసుకునేవాళ్లు తెలుసుకోవలసినవి

మోకీలు మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ల మందుల సంచిలో మాత్రల పట్టీలతో పాటు చిన్న అట్టపెట్టెలు కొన్ని ఉంటాయి. విప్పితే ముందే మందు నింపిన సన్నటి సిరంజిలు. పెట్టె మీద ఎనోక్సపారిన్ అని రాసి ఉంటుంది. దాని బ్రాండ్ పేరు క్లెక్సేన్ అంటే మందుల షాపులో చాలామందికి తెలుస్తుంది. "రోజుకొకటి, పొట్ట మీద, ఇంట్లోనే వేసుకోండి" అని డిశ్చార్జి హడావిడిలో రెండు మాటలు చెప్పి పంపేస్తారు. సూది గుచ్చడం నేర్చుకోవడానికి ఆ రెండు మాటలు చాలవచ్చు కానీ, ఈ మందుతో వచ్చే చిక్కులు గుచ్చడంలో కంటే దాని చుట్టూ ఉన్న సంగతుల్లోనే ఎక్కువ. వాటి గురించి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

ముందు ఈ సూది ఎందుకో చూద్దాం. పెద్ద ఆపరేషన్ అయ్యాక మనిషి కదలిక తగ్గుతుంది. కాళ్లలోని లోతు సిరల్లో రక్తం నిదానంగా పారుతుంది. పైగా కోత పడిన శరీరం రక్తస్రావాన్ని ఆపుకోవాలనే ప్రయత్నంలో గడ్డకట్టే గుణాన్ని పెంచుకుని ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు పిక్కలోనో తొడలోనో రక్తం గడ్డ తయారవుతుంది. అది ఊడి ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజుతో ఈ ముప్పు తీరిపోదు. అందుకే మోకాలి మార్పిడి తర్వాత 10 నుంచి 14 రోజులు, తుంటి మార్పిడి తర్వాత అయితే 35 రోజుల దాకా ఈ సూదులు రాస్తుంటారు. ఇప్పటికే కాల్లో గడ్డ ఉన్నవాళ్లకు, కొందరు గర్భిణులకు, క్యాన్సర్ రోగులకు, గుండెపోటు వచ్చినవాళ్లకు కూడా ఇదే మందు వేరే మోతాదుల్లో ఇస్తారు. 2021లో కోవిడ్ రెండో దశలో ఈ పేరు పట్టుకుని షాపుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన దగ్గర చాలానే ఉన్నాయి.

ఇది హెపారిన్ కుటుంబంలోని మందు. 1916లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ వైద్య విద్యార్థి జే మెక్‌లీన్ రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతుంటే గడ్డకట్టనివ్వనిది చేతికి చిక్కింది. హెపారిన్ కథ అలా మొదలైంది. మన రక్తంలో యాంటీత్రాంబిన్ అనే ప్రొటీన్ ఎప్పుడూ ఉంటుంది. గడ్డకట్టే క్రియ అదుపు తప్పకుండా చూడడం దాని పని. హెపారిన్ దానికి అంటుకుని ఆ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేయిస్తుంది. అంతేగానీ రక్తం నీళ్లలా అయిపోదు. ఉన్న గడ్డను ఈ మందు కరిగించదు కూడా. దాన్ని పెరగనివ్వకుండా ఆపితే, మెల్లగా కరిగించే పని శరీరమే చూసుకుంటుంది. ఒక్క సంగతి మాత్రం ముందే తెలియాలి: ఎనోక్సపారిన్‌ను పంది పేగుల పొర నుంచి తీసిన హెపారిన్‌తో తయారుచేస్తారు. మతం వల్లగానీ ఆహార నియమం వల్లగానీ దానికి అభ్యంతరం ఉంటే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. ఫాండపారినక్స్ అని పూర్తిగా రసాయనశాలలో తయారయ్యేది ఇంకొకటి ఉంది. అది మీకు సరిపడుతుందో లేదో ఆయన చూస్తారు.

పొట్ట మీద సూది అనగానే పెద్దవాళ్లు బెదిరిపోతారు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు" అని పిచ్చికుక్క కాటు సూదుల గురించి విన్న తరం అది. ఇది ఆ సూది కాదు. దీని పొడవు సుమారు అర అంగుళం, చాలా సన్నం. పొట్ట లోపలికి దిగదు, చర్మం కింది కొవ్వులోనే ఆగుతుంది. మందు వెళ్లాల్సిన చోటు కూడా ఆ కొవ్వే.

వేసే పద్ధతి ఇది. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోగి పడుకోవాలి, లేదా వెనక్కి ఆనుకుని కూర్చోవాలి. నిలబడి వద్దు. బొడ్డు నుంచి కనీసం 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ల వెడల్పు పక్కకు జరిగి, మచ్చలూ కమిలిన చోట్లూ ఆపరేషన్ గీతలూ లేని జాగా చూసుకోవాలి. ఆసుపత్రిలో చెప్పిన ద్రవంతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని మడతగా పట్టుకుని, సూదిని నిటారుగా, మొదలంటా దించాలి. పక్కకు వంచకూడదు. పిస్టన్‌ను మెల్లగా చివరిదాకా నొక్కాలి. సూది బయటికి వచ్చేదాకా ఆ మడతను వదలకూడదు. తొందరపడి చాలామంది గుచ్చగానే మడత వదిలేస్తారు. అప్పుడు సూది మొన కొవ్వు దాటి కండలోకి పోవచ్చు. తీశాక దూదితో కాసేపు అదిమి ఉంచితే చాలు. రుద్దకూడదు. సూది వేసిన చోట రుద్దడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాలి: రుద్దితే చర్మం కింద రక్తం చిమ్మి పెద్ద మచ్చ అవుతుంది. కాపడం పెట్టడం, బామ్ రాయడం కూడా వద్దు. ఇవాళ కుడివైపు వేస్తే రేపు ఎడమవైపు. ఏ వైపు వేశారో, ఎన్నింటికి వేశారో గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసుకుంటే వాదన ఉండదు.

సిరంజిలో ఒక చిన్న గాలి బుడగ కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి బయటికి నెట్టేయబోతారు. సిరంజిలో ఉన్నదంతా వేయాల్సిన మోతాదే అయితే బుడగను అలాగే ఉంచాలి. అది చివర వెళ్లి, సూదిలో మిగిలిపోయే మందును కూడా లోపలికి తోస్తుంది. బుడగ తీయబోతే మందు కారిపోయి మోతాదు తగ్గుతుంది. సిరంజిలో కొంత భాగమే వేయమన్నప్పుడు పద్ధతి వేరు. అది నర్సు దగ్గర ప్రత్యేకంగా నేర్చుకుని రావాలి.

అంకెల దగ్గర ఇంకో తికమక ఉంది. చీటీలో 0.4 అని ఉంటుంది, పెట్టె మీద 40 అని ఉంటుంది, ఇంకో కంపెనీ పెట్టె మీద 4000 అని ఉంటుంది. ఎనోక్సపారిన్ విషయంలో ఈ మూడూ ఒకటే: 0.4 మిల్లీలీటర్లలో 40 మిల్లీగ్రాములు, అంటే 4000 యూనిట్లు. 60 అయితే 0.6. ఈ లెక్క ఇదే కుటుంబంలోని డాల్టెపారిన్ లాంటి వేరే మందులకు వర్తించదు. "అది లేదండీ, ఇదీ అలాంటిదే" అని షాపువాళ్లు ఇంకో పేరు చేతిలో పెడితే డాక్టరుకు ఫోను చేయకుండా తీసుకోవద్దు. గడ్డ కట్టకుండా ముందుజాగ్రత్తగా వేసేది సాధారణంగా రోజుకు 40. ఉన్న గడ్డకు వైద్యంగా వేసేటప్పుడు మాత్రం మోతాదు బరువును బట్టి ఉంటుంది, కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున 12 గంటలకోసారి వేయడం సాధారణం. పక్కింటాయనకు మిగిలిన సిరంజిలు మనకు ఎందుకు పనికిరావో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ మందు మీద ఉన్నంతకాలం ఆ మాట మీ ఒంటి మీద చెయ్యివేసే ప్రతి వైద్యుడికీ తెలియాలి. మన ఊళ్లలో మోకాలు సలుపుతోందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాం. ఆయన పిరుదుకు ఒక నొప్పి ఇంజెక్షన్ వేస్తాడు, చాలాసార్లు అది డైక్లోఫెనాక్. ఇందులో రెండు ప్రమాదాలు కలిసి ఉన్నాయి. కండలోకి లోతుగా దిగిన సూది వల్ల లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బవచ్చు. ఆ నొప్పి మందేమో కడుపులో రక్తస్రావాన్ని ప్రేరేపించే రకం. బ్రూఫెన్, కాంబిఫ్లామ్, ఎసిక్లోఫెనాక్ కలిసిన బిళ్లలు కూడా ఈ కోవలోవే. నొప్పికి పారాసిటమాల్ మేలు. అది చాలకపోతే ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగాలి. గుండె కోసం ఎకోస్ప్రిన్ వాడుతున్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపకూడదు, దాచకూడదు కూడా. రెండూ ఉన్నాయని చెబితే ఏం చేయాలో డాక్టరు నిర్ణయిస్తారు. చూర్ణాలు, పసర్లు, వెల్లుల్లి గుళికలు వాడుతుంటే అదీ చెప్పాలి. ఇంకొకటి, పొట్ట మీద వేయాల్సిన ఈ సూదినే ఊళ్లో ఎవరి చేతనైనా వేయించుకునేవాళ్లు "ఇది కండకు కాదు, చర్మం కిందికి" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పడానికి మొహమాటపడొద్దు. నా మటుకు నాకు, ఆ ఒక్క ముక్కను ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం పైభాగాన తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేయాలనిపిస్తుంది.

ఆపరేషన్ కాలి పిక్క వాచి నొప్పి పుడితే ఇంట్లో పెద్దవాళ్లు ఆప్యాయంగా నూనె రాసి మర్దనా చేయబోతారు. ఆ వాపు రక్తం గడ్డ వల్ల వచ్చిందే అయితే మర్దనాతో అది కదిలే ప్రమాదం ఉంది. పిక్క ఒకవైపే వాచినా, వేడిగా ఎర్రగా ఉన్నా ముందు డాక్టరుకు చూపించాలి.

ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రపిండాలు. అవి మందగిస్తే మందు పేరుకుపోతుంది, మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. షుగరు, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు సూదులు మొదలయ్యే ముందు క్రియాటినిన్ పరీక్ష జరిగిందో లేదో అడగాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వైజాగ్‌కో హైదరాబాద్‌కో వచ్చి ఆపరేషన్ చేయించుకునేవాళ్లయితే తమది ఏ ఊరో కూడా డాక్టరుకు చెప్పడం మంచిది. బాగా బక్కపలుచటివాళ్లకు, అంటే 45 కిలోల లోపు ఆడవాళ్లకు, 57 కిలోల లోపు మగవాళ్లకు, రక్తస్రావం ముప్పు ఎక్కువని మందు సమాచార పత్రాలే హెచ్చరిస్తాయి.

ప్లేట్‌లెట్ల మాట డెంగీ వల్ల ఇంటింటికీ తెలుసు. హెపారిన్ రకం మందులు అరుదుగా కొందరిలో శరీరాన్ని తిరగబడేలా చేసి, సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లను పడేస్తాయి. అలా పడినప్పుడు రక్తం కారిపోవడం కంటే కొత్త గడ్డలు కట్టడమే పెద్ద ప్రమాదం. డాక్టరు మధ్యలో రక్తపరీక్ష రాస్తే "బాగానే ఉన్నాను కదా" అని మానేయొద్దు. ఇంతకుముందు హెపారిన్‌తో అలా జరిగినవాళ్లు ఆ సంగతి జీవితాంతం ప్రతి ఆసుపత్రిలో చెప్పుకోవాలి. సూదులు నడుస్తుండగా జ్వరం వచ్చి డెంగీ అనుమానం ఉంటే, పరీక్ష చేసే డాక్టరుకు మొదట చెప్పాల్సింది ఈ సూది గురించే.

సూది నుంచి మాత్రకు మారేటప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువ. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి పాతరకం మాత్రలు పనిలోకి దిగడానికి రోజులు పడుతుంది కాబట్టి కనీసం 5 రోజులు, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో తగిన అంకె వచ్చేదాకా, సూదీ మాత్రా రెండూ నడుస్తాయి. మాత్ర మొదలైంది కదా అని సూది ఆపేస్తే రక్షణ పోతుంది. కొత్తరకం మాత్రలు, రివరోక్సబాన్, ఎపిక్సబాన్ వంటివి, దీనికి పూర్తిగా తలకిందులు. సూది ఆపి, తర్వాతి డోసు వేళకు మాత్ర మొదలుపెడతారు, రెండూ కలిపి వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకే "సూది ఆఖరిది ఎప్పుడు, మాత్ర మొదటిది ఎప్పుడు" అని తేదీలతో సహా రాయించుకోవాలి.

కొందరు గర్భిణులకు నెలల తరబడి ఈ సూదులు పడతాయి. భయపడాల్సిన పని లేదు, ఈ మందు మాయను దాటి బిడ్డను చేరదు. బిడ్డకు పాలివ్వడానికీ అడ్డు కాదు. నొప్పులు మొదలైనట్టున్నా, రక్తం కనిపించినా తర్వాతి సూది వేసుకోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. వెన్నుకు మత్తు ఇవ్వాలంటే ముందుజాగ్రత్త మోతాదు అయితే కనీసం 12 గంటలు, వైద్య మోతాదు అయితే 24 గంటలు గడవాలి. లేకపోతే వెన్నులో రక్తం చేరి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆఖరి సూది ఎన్నింటికి వేశారో భర్తకో తల్లికో కూడా తెలిసి ఉండాలి.

పొట్ట మీద రూపాయి బిళ్లంత నీలపు మచ్చలు మామూలే. మచ్చ రోజురోజుకూ పెరిగినా, గట్టిపడి నొప్పి పెట్టినా ఫోను చేయండి. మలం తారులా నల్లగా రావడం, మూత్రం ఎర్రబడటం, వాంతిలో రక్తం, పది నిమిషాలు అదిమిపట్టినా ఆగని ముక్కు రక్తం, ఎన్నడూ లేనంత తలనొప్పి, కాళ్లలో ఉన్నట్టుండి తిమ్మిరి లేదా బలహీనత, వీటిలో ఏది వచ్చినా ఆసుపత్రికే. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు వస్తే 108 అంబులెన్సుకు ఫోను చేయాలి. బాత్రూమ్‌లో జారి తలకు దెబ్బ తగిలితే, పైకి బొప్పి కూడా కట్టకపోయినా, అదే పని చేయాలి. లోపలి రక్తస్రావం బయటపడడానికి గంటలు పట్టవచ్చు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి వేళ దగ్గరపడి ఉంటే ఆ పూటది వదిలేయండి. రెండూ కలిపి ఒకేసారి ఎన్నడూ వద్దు. మందు 25 డిగ్రీలు దాటని చోట ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇంట్లో అలాంటి చోటు దొరకదు కాబట్టి షాపతనితో మాట్లాడి కొద్దికొద్దిగా తెచ్చుకోవడం నయం. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు.

వాడిన సిరంజికి మూత తిరిగి పెట్టబోయి వేలు గుచ్చుకునేవాళ్లున్నారు. మూత పెట్టకుండానే మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో, బట్టలుతికే లిక్విడ్ ఖాళీ డబ్బా లాంటిదాంట్లో వేసి, పిల్లలకు అందని చోట ఉంచండి. కోర్సు అయ్యాక ఆ డబ్బా బిగించి, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చి రావచ్చు. చెత్త సంచిలో వేస్తే, తెల్లారి మునిసిపాలిటీ బండి దగ్గర ఆ సంచిని వట్టి చేతులతో విప్పే మనిషికి గుచ్చుకుంటుంది.