నిద్రపోయే కణమే కండరానికి విత్తనం
కపిలేశ్వరపురం: అయిదారేళ్ల బాలుడు నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులతో మోకాళ్లను, తొడలను పట్టుకుని పాకినట్లుగా పైకి లేస్తాడు. బలం చాలడం లేదని పెద్దలు గుడ్లు, పాలు పెట్టి ఊరుకుంటారు. పిక్కలు లావెక్కితే ఆరోగ్యమని మురిసిపోతారు. డుషేన్ కండర క్షీణత వ్యాధి తొలి లక్షణాలు ఇవే కావచ్చు. 3,500 నుంచి 5,000 మంది మగ శిశువుల్లో ఒకరికి ఇది పుట్టుకతోనే వస్తుంది. కండరపు పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తు శరీరంలో తయారు కాకపోవడమే ఇందుకు కారణం. పన్నెండేళ్లు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకే పరిమితమవుతారు.

నిజానికి దెబ్బతిన్న కండరం తనను తాను బాగుచేసుకోగలదు. కండరపు పోగుల అంచున శాటిలైట్ కణాలు నిద్రాణంగా ఉంటాయని 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరంలో కనుగొన్నారు. గాయమైతే అవి మేల్కొని, విభజన చెంది కొత్త పోగులను నిర్మిస్తాయి. కొన్ని మాత్రం తిరిగి నిద్రలోకి జారుకుంటాయి. పండిన ధాన్యమంతా తినేయక రైతు విత్తనం దాచుకున్నట్లన్నమాట. డుషేన్ రోగిలో గాయం నిత్యకృత్యం కావడంతో ఆ విత్తనపు గాదె క్రమంగా పనికిరాకుండా పోతుంది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త జ్యోత్స్న ధావన్ ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ నిద్ర గురించే. ప్రయోగశాలలో కండర కణాలను నిద్రపుచ్చి, మళ్లీ మేల్కొలిపి, ఆ సమయంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో ఆమె బృందం పరిశీలించింది. అంతకుముందు అమెరికాలో హెలెన్ బ్లౌ బృందంలో ఉండగా, జన్యు మార్పు చేసిన కండర కణాలను ఎలుకలకు ఎక్కించి, వాటి ద్వారా పెరుగుదల హార్మోనును రక్తంలోకి పంపిన ప్రయోగాన్ని 1991లో ఆమె, సహచరులు ప్రచురించారు.

ఆరోగ్యవంతుల కండర కణాలను రోగులకు ఎక్కించే ప్రయత్నాలు 1990వ దశకంలో జరిగాయి. ఎక్కించిన కణాల్లో అధికభాగం కొద్దిరోజుల్లోనే చనిపోయాయి. మిగిలినవి సూది గుచ్చిన చోటు దాటి పెద్దగా వెళ్లలేదు. పైగా ప్రయోగశాలలో పెంచిన కణం నిద్రపోయే గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. ఆ గుణాన్ని నిలిపే మార్గం దొరికితేనే కణచికిత్సకు బలం చేకూరుతుంది.

ఇది తెలియక మూలకణాల ఇంజెక్షన్ల కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టే తల్లిదండ్రులు ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులు తదితరాలకు చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగదశలోనివే. ప్రయోగాల్లో పాల్గొనే రోగి నుంచి రుసుము వసూలు చేయరాదు.

అనుమానం కలిగితే ముందుగా సీపీకే రక్తపరీక్ష, ఆపై జన్యుపరీక్ష చేయించాలి. హైదరాబాద్ సీడీఎఫ్‌డీలో జన్యు నిర్ధారణ విభాగం ఉంది. స్టెరాయిడ్ మందులు వ్యాధిని నయం చేయవు గానీ నడక నిలిచే కాలాన్ని పెంచుతాయి. డుషేన్‌కు మేనరికం కారణం కాదు. లోపమున్న జన్యువు తల్లి ద్వారా సంక్రమించవచ్చు, మూడింట ఒక వంతు కేసుల్లో కొత్తగానూ తలెత్తుతుంది. కోడలిని నిందించడం అన్యాయం. నడుము, భుజాల కండరాలకు వచ్చే మరికొన్ని రకాలకు మాత్రం మేనరికం ముప్పు పెంచుతుంది. తీవ్ర కండర క్షీణత బాధితుల పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు రూ.15 వేలకు పెంచింది.