పాఠశాలలలో విద్యార్థి సంగీత బృందాలు, ప్రతిభా సంఘాలు

విద్యార్థి సంగీత బృందము అనగా ఒక పాఠశాలలో చదివే పిల్లలు కలిసి పాడుటకు, వాద్యములు వాయించుటకు ఏర్పడిన సమూహము. ప్రతిభా సంఘము అనగా చదువులోను, సేవలోను, నడవడిలోను ముందున్న విద్యార్థులను గుర్తించి సభ్యులుగా చేర్చుకొనే సంఘము. అమెరికా పాఠశాలలలో ఈ రెండును ప్రత్యేక నియమావళి గల సంస్థలుగా నడుచుచున్నవి. తెలుగునాట వీటి స్థానములో ప్రార్థనా బృందాలు, సాంస్కృతిక బృందాలు, ఉపకారవేతన పరీక్షలు, గురుకుల విద్యాలయాలు కలవు. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న నకిరేకల్, దాని పరిసర గ్రామాలతో కూడిన నల్గొండ జిల్లాకు ఈ విషయములో చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది.

ప్రార్థనా బృందము

ప్రతి ఉన్నత పాఠశాలలోను ఉదయపు ప్రార్థనా సమావేశమును నడిపించే చిన్న బృందము ఉంటుంది. నలుగురైదుగురు విద్యార్థులు ముందు నిలిచి పాట అందుకొనగా మిగిలిన వారు అనుసరిస్తారు. ప్రార్థనా గీతము, ప్రతిజ్ఞ, వార్తలు, నేటి సూక్తి, జాతీయ గీతము ఇందులోని సాధారణ అంశాలు. జాతీయ గీతాలాపనకు సుమారు 52 సెకన్లు పడుతుంది.

మైకు లేని ఆవరణలో బృందము అర్ధచంద్రాకారముగా నిలుచుట మంచిది. అప్పుడు ఒకరి గొంతు మరొకరికి వినిపించి తాళము తప్పదు. శ్రుతి నిర్ణయము అన్నిటికంటె ముఖ్యమైనది. బాలికలకు సాధారణముగా అయిదు శ్రుతి అనుకూలము. పన్నెండు, పదిహేనేండ్ల మధ్య బాలుర గొంతు మారి కిందికి దిగుతుంది, ఆపైన వారికి ఒకటి లేదా రెండు శ్రుతి సరిపోవును. ఈ తేడా గమనించక అందరిచేత ఒకే శ్రుతిలో పాడించినప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలురు పాడుట మానివేయుదురు. వారికి పాట రాదని అనుకొనుట పొరపాటు.

చరిత్ర

భారత జాతీయ గీత చరిత్రలో ఒక తెలుగు విద్యాసంస్థకు స్థానము ఉన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు బస చేసి, అచటి విద్యార్థుల ఎదుట 'జనగణమన' పాడెను. ఆ గీతమును ఆయన ఆంగ్లములోనికి అనువదించినది కూడ అక్కడే. కళాశాల ప్రధానాచార్యుడు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి కూర్చగా విద్యార్థులు బృందముగా పాడిరి.

నిజాం రాజ్యములో విద్యార్థుల పాటకు ఎదురైన అనుభవము వేరు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలోని విద్యార్థులు ప్రార్థనా సమయములో వందేమాతరము పాడగా అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మె చేసిరి. ఈ ఉద్యమము ఇతర పట్టణాల కళాశాలలకు వ్యాపించినది. వందలాది విద్యార్థులు బహిష్కృతులై చదువు కోల్పోయిరి. వారిలో అనేకులకు నాగపూరు విశ్వవిద్యాలయము ప్రవేశము కల్పించినది. అట్లు నాగపూరు వెళ్ళిన వారిలో తరువాతి కాలములో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఒకరు.

ప్రతిజ్ఞ, రాష్ట్ర గీతము

దేశమంతటా పాఠశాలలలో పలికే 'భారతదేశము నా మాతృభూమి' అను ప్రతిజ్ఞను రచించినది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు. ఆయన విశాఖపట్నములో జిల్లా ఖజానా అధికారిగా ఉండగా 1962లో దీనిని వ్రాసెను. 1963లో విశాఖపట్నములోని పాఠశాలలలో చదివించిరి. 1965 జనవరి 26 నుండి దేశవ్యాప్తముగా అమలు చేయబడినది. కోట్లాది పిల్లలు ప్రతిదినము పలికినను చాలాకాలము పాఠ్యపుస్తకాలలో రచయిత పేరు ఉండెడిది కాదు.

తెలంగాణ ఉద్యమ కాలములో అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' గీతమును అనేక పాఠశాలలలో పిల్లలు పాడిరి. ఇది 2024 జూన్ 2న అధికారికముగా రాష్ట్ర గీతమైనది. అందెశ్రీ బడికి వెళ్ళి చదువుకొనని కవి. ఆయన 2025 నవంబరులో మరణించెను.

స్థానిక కళారూపాలు

బతుకమ్మ పాట, కోలాటము, డప్పు, బుర్రకథ, ఒగ్గుకథ ఈ ప్రాంతపు పాఠశాల బృందాలకు సహజమైన ఆధారములు. బతుకమ్మకు చప్పట్లే తాళము, కోలాటమునకు రెండు కర్రలు చాలును. కనుక వాద్యములు కొనలేని పాఠశాలకు ఇవి అందుబాటులో ఉంటవి. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత దసరా సెలవులకు ముందు బడులలో బతుకమ్మ ఆడుట మరింత వ్యాపించినది.

డప్పు విషయము కొంత భిన్నమైనది. డప్పు కొట్టుటను ఒక కులమువారి వెట్టిగా చూచిన చరిత్ర ఈ ప్రాంతములో ఉన్నది. పాఠశాల వేదికపై అన్ని కులాల పిల్లలు డప్పు పట్టినప్పుడు అది గౌరవనీయమైన కళగా నిలుచును. వెట్టి కులపు పిల్లలకే దానిని అప్పగించినచో పాత విభజన బడిలోనూ కొనసాగును. కావున ఎవరికి ఏ వాద్యము ఇవ్వవలెనన్నది ఉపాధ్యాయులు ఆలోచించి నిర్ణయించవలసిన విషయము.

పాటతో ప్రజలను కదిలించిన సుద్దాల హనుమంతు ఉమ్మడి నల్గొండ జిల్లావారే. ఆయన కుమారుడు, సినీ గేయరచయిత సుద్దాల అశోక్ తేజ చిత్రసీమకు రాకముందు ఉపాధ్యాయుడుగా పనిచేసెను.

ప్రతిభకు గుర్తింపు

తెలుగునాట ప్రతిభగల విద్యార్థులకు సంఘసభ్యత్వము కన్న ప్రవేశము, ఉపకారవేతనము ప్రధానమైన గుర్తింపులు.

గురుకుల విద్యాలయాలు: పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో రాష్ట్రములోని మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమైనది. గ్రామీణ పేద పిల్లలలో ప్రతిభగల వారికి ఉచిత వసతితో చదువు చెప్పుట దీని ఉద్దేశము. పాట పాడినందుకు చదువు కోల్పోయిన తరమునకు చెందిన వ్యక్తి ఈ విద్యాలయమును నెలకొల్పుట గమనార్హము.

నవోదయ విద్యాలయాలు: జిల్లాలోని నవోదయ విద్యాలయము చలకుర్తిలో ఉన్నది. ఈ విద్యాలయాలలో పిల్లలను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అను నాలుగు దళములుగా విభజించి పాటలు, ఆటలు, వక్తృత్వములలో పోటీలు నిర్వహిస్తారు. సంగీత ఉపాధ్యాయుని పదవి కూడ కలదు.

జాతీయ ప్రతిభా ఉపకారవేతనము: 2008లో ప్రారంభమైన ఈ పథకము కింద ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పరీక్ష జరుపుతారు. దేశము మొత్తము మీద ఏటా 1,00,000 మందికి, ఒక్కొక్కరికి సంవత్సరమునకు 12,000 రూపాయలు తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు లభించును. తల్లిదండ్రుల వార్షికాదాయము 3,50,000 రూపాయలు మించరాదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలు అర్హులు. నవోదయ, కేంద్రీయ విద్యాలయాలవారు, వసతితో కూడిన ప్రభుత్వ గురుకులాలవారు అర్హులు కారు. గురుకులములో సీటు రాక ఊరి బడిలోనే మిగిలిన పిల్లవానికి ఇది ముఖ్యమైన అవకాశము.

ఇవిగాక భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రాజ్య పురస్కారము, రాష్ట్రపతి పురస్కారము కలవు. కేంద్ర విద్యాశాఖ 2015లో ప్రారంభించిన కళా ఉత్సవ్ పోటీలలో తొమ్మిది నుండి పన్నెండు తరగతుల విద్యార్థులు పాల్గొనవచ్చును.

అమెరికాలో ప్రతిభా సంఘాలు

అమెరికాలో ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయుల సంఘము 1921లో నేషనల్ ఆనర్ సొసైటీని స్థాపించినది. చదువు, సేవ, నాయకత్వము, శీలము అను నాలుగు ప్రమాణాలతో సభ్యులను ఎన్నుకొందురు. సంగీత విద్యార్థులకు ప్రత్యేకించిన ట్రై-ఎం సంఘము 1936లో ఇల్లినాయిస్ రాష్ట్రములో మోడరన్ మ్యూజిక్ మాస్టర్స్ అను పేరుతో మొదలైనది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడ ఇట్టి సంఘాలలో చేరుదురు. సభ్యులు తమకన్న చిన్నవారికి పాఠాలు చెప్పుట, వృద్ధాశ్రమాలలో పాడుట వంటి సేవలు చేయుదురు. గౌరవము పొందినవారు తిరిగి కొంత ఇవ్వవలెనన్న నియమము ఈ సంఘాలలోని మేలైన అంశము.

సమస్యలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో చాలావాటికి సంగీత ఉపాధ్యాయుడు లేడు. ఆసక్తిగల తెలుగు లేదా హిందీ ఉపాధ్యాయులే పాటలు నేర్పుచుందురు. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయినచో బృందము చెదిరిపోవును. పదవ తరగతి వచ్చుసరికి ప్రత్యేక తరగతుల పేరుతో పిల్లలను బృందము నుండి తప్పించుట మరియొక సమస్య. చదువులో ముందున్న వారికే పాడే అవకాశము ఇచ్చుట కూడ కొన్నిచోట్ల కనిపించును. దీనివలన మార్కులు తక్కువ వచ్చినను గొంతు బాగున్న పిల్లలు బడిలో తమకు లభించగల ఒకే ఒక గుర్తింపును కోల్పోవుదురు.

పై తరగతివారు కింది తరగతివారికి పాటలు నేర్పే పద్ధతి ఉన్న బడులలో ఉపాధ్యాయులు మారినను బృందము నిలుచును. పాటలను వ్రాతపుస్తకములో ఎక్కించి ఉంచుట, ఏడు, ఎనిమిది తరగతులనుండి ప్రతి సంవత్సరము కొత్తవారిని చేర్చుకొనుట ఇందుకు తోడ్పడును.