గుంపుకు బుద్ధి లేదా, గేటుకు వెడల్పు లేదా?

జాతరలోనో పుష్కరాల్లోనో ప్రాణాలు పోయిన మర్నాడు ఊరంతా అనే మాట ఒకటే: "మనవాళ్లకు క్రమశిక్షణ లేదు." సూపర్‌మార్కెట్‌లో బిల్లు అనుకున్నదానికి రెట్టింపైనప్పుడు అనే మాట దీనికి పూర్తిగా ఎదురు: "వాళ్లు సరుకులు అలా పేర్చి మనచేత కొనిపించారు." ఒకచోట తప్పంతా మన బుద్ధిది, ఇంకోచోట మన బుద్ధి మన చేతిలోనే లేదు. పైకి వేరుగా కనిపించినా ఈ రెండూ ఒకే అలవాటులోంచి పుట్టినవి. మనుషులు ఎలా నడుస్తున్నారో చూడకుండా, వాళ్ల మనసులో ఏముందో ఊహించి తీర్పు చెప్పేయడం ఆ అలవాటు. యాభై అరవై ఏళ్లుగా కెమెరాలు పెట్టి, దారులు గీసి, తలలు లెక్కపెట్టి చూసినవాళ్లకు కనిపించింది వేరు. నడకను చాలావరకు శాసించేది స్థలం: దాని వెడల్పు, వాలు, నిలబడే వీలు, ఒక చదరపు మీటరులో ఎంతమంది ఉన్నారన్న లెక్క.

దుకాణం సంగతి ముందు చూద్దాం, అది తేలిక. పాలు, పెరుగు దుకాణం చివర పెట్టేది మనల్ని అంతా తిప్పడానికేనని చాలామంది నమ్మకం. కొంత నిజం ఉండొచ్చు. కానీ పాలు చల్లటి గదిలోంచి నేరుగా అరల్లోకి చేరాలి, సరుకు దిగే చోటు సాధారణంగా వెనకవైపు ఉంటుంది అన్న మామూలు కారణం ఎవరికీ గుర్తుకు రాదు. అసలు మనం దుకాణమంతా తిరుగుతామా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అమెరికాలోని ఒక సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలకు రేడియో ట్యాగులు అమర్చి, అవి తిరిగిన దారులను లార్సన్, బ్రాడ్లో, ఫేడర్ అనే పరిశోధకులు విశ్లేషించి 2005లో ప్రచురించారు. జనం ప్రతి వరుసలోనూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారన్న పాత నమ్మకం అక్కడ నిలవలేదు. చుట్టూ ఉన్న వెడల్పాటి దారినే పట్టుకుని, కావాల్సిన వరుసలోకి కాస్త దూరం వెళ్లి, వెళ్లిన దారినే వెనక్కి వచ్చేస్తున్నారు. మరి అమరిక మీద దుకాణాలవాళ్లు అంత డబ్బు ఎందుకు పోస్తారు? అమరిక పనిచేస్తుంది కాబట్టే. అయితే అది పనిచేసేది మన మనసును వశం చేసుకుని కాదు, మన ఒంటికి సుఖమో ఇబ్బందో కలిగించి. న్యూయార్క్ బ్లూమింగ్‌డేల్స్ దుకాణంలో గుమ్మం దగ్గరున్న టైల స్టాండును, కొనుగోలుదారుల తీరును గమనించే పాకో అండర్‌హిల్ బృందం వీడియో తీసింది. టై చేత్తో పట్టుకుని చూస్తున్న మనిషికి వచ్చేపోయేవాళ్లు వెనక నుంచి ఒకసారి రాసుకుంటారు, రెండోసారి రాసుకుంటారు. ఆ తర్వాత ఆయన టై అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. స్టాండును రద్దీ దారి నుంచి పక్కకు జరిపితే అమ్మకాలు పెరిగాయి. బిల్లు కౌంటర్ దగ్గర చాక్లెట్లు అమ్ముడుపోవడానికి కూడా పెద్ద మాయేమీ అక్కర్లేదు. అక్కడ నిలబడక తప్పదు, అంతే.

ఇక క్రమశిక్షణ. దారికి అడ్డంగా నిలబడి కబుర్లు చెప్పుకోవడం మనవాళ్ల జబ్బని విసుక్కుంటాం. విలియం వైట్ అనే పరిశోధకుడు 1970లలో న్యూయార్క్ వీధుల్లో కెమెరాలు పెట్టినప్పుడు, ఆగి మాట్లాడుకునేవాళ్లు గోడవారకు జరుగుతారనే అనుకున్నాడు. మ్యాపు మీద చుక్కలు పెట్టి చూస్తే ఎక్కువ సంభాషణలు వీధి మూలల్లో, జనం వచ్చేపోయే దారి నట్టనడుమ జరుగుతున్నాయి. న్యూయార్క్ వాళ్లూ మనవాళ్లే అన్నమాట! 2009లో వెలువడిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం. జర్మనీలోని వాళ్లనూ మన దేశంలోని వాళ్లనూ ఒకే రకమైన దారిలో, ఒకరి వెనక ఒకరిని నడిపించి, మనుషుల సంఖ్య పెంచుతూ పోయారు. రద్దీ పెరిగేకొద్దీ జర్మన్ల వేగం ఎక్కువగా పడిపోయింది, భారతీయులది అంతగా పడలేదు. భారతీయుల అమరిక లేని నడకే జర్మన్ల పద్ధతైన నడకకన్నా సమర్థంగా ఉందని పరిశోధకులు ఆశ్చర్యంతోనే రాసుకున్నారు. ఒకే వరుసలో నడిచిన కొద్దిమంది లెక్క గుడి ముందు గుంపుకు వర్తిస్తుందా అంటే, అంతా వర్తించదు. కానీ మనకు నడవడమే రాదనేవాళ్లు ఇకమీదట సాక్ష్యం చూపించాలి. ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద నడుస్తారన్న నింద కూడా ఇలాంటిదే. అడ్డు లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెబుతాయి. ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మూడు బైకులు, ఆ తర్వాత కొబ్బరిబోండాల బండి, మధ్యలో మోకాలెత్తు గట్టు ఉన్న ఫుట్‌పాత్ దిగి రోడ్డెక్కిన ముసలాయనకు క్రమశిక్షణ గురించి చెప్పి ఏం లాభం?

అసలు విషాదం ఈ నింద ప్రాణాల దాకా వచ్చినప్పుడు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజే, రాజమండ్రి పుష్కరఘాట్‌లో 27 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా మన కళ్లముందు కదిలే దృశ్యం ఒకటే: జనం భయపడి పరుగెత్తారు, పడ్డవాళ్లను తొక్కేశారు. ప్రపంచంలో ఇలాంటి ఘటనలను లోతుగా తవ్వి చూసినచోట తేలింది మాత్రం వేరు. ఎక్కువమంది చనిపోయేది కాళ్ల కింద పడి కాదు, ఊపిరాడక, చాలాసార్లు నిలబడే. జాన్ ఫ్రూయిన్ అనే ఇంజినీరు దీన్ని వివరించాడు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పున్న చోట ఇద్దరుంటే ఎవరి నడక వాళ్లది. నలుగురైదుగురైతే ముందున్నవాళ్లు కదిలితేనే కదలాలి. ఏడుగురి దాకా వచ్చేసరికి ఆ గుంపు దాదాపు ద్రవంలా మారిపోతుంది. ఎక్కడో ఒకరు తూలితే ఆ ఊపు అలగా మారి దూరంగా ఉన్నవాళ్లను తాకుతుంది. కాళ్లు నేల మీద ఆనవు. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కుంచించుకుంటుంది, ఆ ఖాళీలోకి చుట్టుపక్కలవాళ్ల ఒళ్లు వచ్చి చేరతాయి, మళ్లీ పీల్చడానికి చోటుండదు. పరుగెత్తి తప్పించుకోవడం మాట అటుంచి, చెయ్యి పైకెత్తడానికే వీలుండదు.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగింది ఇదే. మ్యాచ్ మూడింటికి. బయట రద్దీ తగ్గించడానికి 2:52కి ఒక పెద్ద గేటు తెరిచారు. లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించింది కిందికి వాలుగా ఉన్న సొరంగం. అది దారితీసేది ప్రేక్షకులు నిలబడే, అప్పటికే నిండిపోయిన మధ్య గడులకు. పక్క గడుల్లో చోటుంది, కానీ అటు పొమ్మని చెప్పేవాళ్లు లేరు, ముందు ఏం జరుగుతోందో వెనకవాళ్లకు కనిపించదు. మొత్తం 97 మంది బలయ్యారు. తాగి వచ్చిన అభిమానులు తోసుకోవడమే కారణమని ఎంతోమంది రాశారు, నమ్మారు. పోలీసు నియంత్రణ విఫలం కావడమే ప్రధాన కారణమని ఆ ఏడాదే న్యాయవిచారణ చెప్పినా ఆ మచ్చ పోలేదు. అభిమానుల తప్పు లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. 2022 అక్టోబర్ 29న దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఇతేవాన్‌లో 159 మందిని బలిగొన్నది మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న ఒక వాలు సందు. నలిగిపోతున్నామంటూ పోలీసులకు తొలి ఫోను వెళ్లింది సాయంత్రం 6:34కి. ప్రమాదం ముంచుకొచ్చింది రాత్రి పది దాటాక. ఈలోగా అలాంటివి మరో పది ఫోన్లు వెళ్లాయి. బుద్ధి లేదని మనం అనే ఆ గుంపే గంటల ముందు హెచ్చరించింది.

అయితే తోసేవాళ్లు ఉండరా, పుకారు పుట్టదా, ముందు నేనే వెళ్లాలన్న ఆత్రం అబద్ధమా అని అడగడం న్యాయమే. ఉంటారు, పుడుతుంది, నిజమే. కానీ ఆ ఆత్రం రైల్వే ప్లాట్‌ఫాం మీద, సినిమా టికెట్ల దగ్గర రోజూ ఉంటుంది. రోజూ మనుషులు చావడం లేదు. చదరపు మీటరుకు ఇద్దరున్నచోట ఒక తోపు ఇద్దరు తూలడంతో ఆగిపోతుంది, ఏడుగురున్నచోట ఆగదు. మనుషులు వాళ్లే, మారింది సంఖ్య. ఇక ప్రమాదంలో పడ్డ జనం ఒకరినొకరు పట్టించుకోరన్నది కూడా అంత తేలిగ్గా ఒప్పుకోవాల్సిన మాట కాదు. 2005 జూలై 7 లండన్ బాంబు పేలుళ్ల నుంచి బయటపడ్డవాళ్లతో మాట్లాడిన జాన్ డ్రూరీ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందానికి చీకటి సొరంగాల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు సాయపడ్డ వైనాలే ఎక్కువగా వినిపించాయి. ఇదంతా జనాన్ని వెనకేసుకు రావడం కాదు. వెనక వరుసలో ఉన్నవాడికి ముందు సంగతి తెలిసే దారి లేదు, పై నుంచి చూసేవాడికి ఉంది. బాధ్యత తెలిసే వీలున్నవాడి మీద పడాలి.

బారికేడ్లు, లాఠీలు పెంచితే భద్రత పెరుగుతుందన్నది చివరి అపోహ. గుంపు చిక్కబడ్డాక పెట్టిన బారికేడ్ పక్కకు తప్పుకునే దారిని కూడా మూసేస్తుంది. అదే అడ్డుకట్టను చాలా ముందుగా, జనం పలచగా ఉన్నప్పుడే వాడితే ఫలితం వేరు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లు చేసే పని అదే: జనాన్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒక్కో గదినే వదలడం. గంటల నిరీక్షణకు విసుగొస్తుంది, పిల్లలు ఏడుస్తారు. అయినా ఒక గదిలోని ఒత్తిడి మరో గదిని తాకదు. టోకెన్ల కౌంటర్ దగ్గరో, నదీతీరంలోనో ఆ గదులుండవు కాబట్టి అక్కడ లెక్క ముందే వేసుకోవాలి. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి సుమారు 80 మంది సాఫీగా దాటగలరు. మూడు మీటర్ల గేటులోంచి 240 మంది, అరగంటలో 7,200 మంది. ముహూర్తం అరగంటే ఉండి, గేటు ముందుకు పది వేలమంది వస్తారని తెలిసినప్పుడు, మిగిలిన 2,800 మందిని ఎక్కడ నిలబెట్టాలి, ఆ సంగతి వాళ్లకు ఎంత దూరంలో ఉండగానే చెప్పాలి అన్నది ముందురోజు సాయంత్రం కాగితం మీద తేలిపోవాల్సిన విషయం.