కొండ మీద నీటిని నిలబెట్టిన ఇఫుగావోలు

ఫిలిప్పీన్స్ దేశంలో 2010 నుంచి అచ్చయిన ఇరవై పిసోల నోటు వెనకవైపు ఒక కొండ బొమ్మ వుంటుంది. కొండ అడుగు నుంచి పై దాకా మెట్లు మెట్లుగా చెక్కినట్లు కనబడుతుంది. ఎవరో రాక్షసులు ఎక్కి దిగడానికి కట్టుకున్న సోపానాలేమో అనిపిస్తుంది. నిజానికి అందులో ఒక్కొక్క మెట్టూ ఒక వరిమడి. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో కనుచూపుమేర చదునుగా పరచుకొని వుండే వరిచేలు చూసిన కళ్ళకు ఇది వింతగానే వుంటుంది.

ఆ బొమ్మలోని వూరు పేరు బనావే. లుజోన్ దీవి ఉత్తర భాగంలో కార్డిల్లెరా పర్వతాలున్నాయి. ఆ పర్వతాలలోనే ఇఫుగావో ప్రావిన్సు వుంది. ప్రావిన్సు అంటే మన జిల్లా వంటిది. 1966లో ఇది విడి ప్రావిన్సుగా ఏర్పడింది. వైశాల్యం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లే. రాజధాని మనీలా నుంచి బనావేకు సుమారు 350 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. కొండలే తప్ప చదునైన నేల ఎక్కడా చాలినంత లేదు. ఇక్కడ నివసించే కొండజాతివారి పేరు కూడా ఇఫుగావోలే.

యాత్రికులు ఇక్కడికి వచ్చి మెట్లను చూసి, ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. మీరెప్పుడైనా వెళితే మెట్లను కాదు, వాటిలోని నీటిని చూడండి. అసలు విశేషం అక్కడ వుంది.

నీరు పల్లమెరుగు అంటారు. ఏటవాలు నేల మీద పోసిన నీరు ఒక్క క్షణం కూడా నిలవదు. వరికి మాత్రం నిలవనీరు కావాలి. కొండవాలు మీద వరి పండించాలంటే నేలను ముక్కలు ముక్కలుగా చదును చేసి, ప్రతి ముక్కకూ ముందువైపు ఒక గోడ కట్టాలి. లెక్క మీరే వేసి చూడండి. కొండవాలు 45 డిగ్రీలుంటే, మడి ఎంత వెడల్పుంటే గోడ అంత ఎత్తుండాలి. వాలు అంతకంటే నిటారుగా వుంటే మడి వెడల్పు కన్న గోడ ఎత్తే ఎక్కువవుతుంది. ఇఫుగావోలో అటువంటి మడులు ఎన్నో వున్నాయి. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తు వరకు ఇవి వ్యాపించాయి. ఈ గట్లన్నీ ఒకదానికొకటి చేరిస్తే భూగోళాన్ని సగం చుట్టి వస్తాయని అక్కడి గైడ్లు చెబుతారు. టేపు పట్టుకొని కొలిచినవాళ్ళెవరో మాత్రం చెప్పరు!

ఇక గోడ సంగతి. చాలాచోట్ల ఈ గోడలు రాతివి. ఒక రాయి మీద మరొక రాయి పేర్చారే గాని సున్నమూ లేదు, సిమెంటూ లేదు. ఇది చేతకాక చేసిన పని కాదు. గోడ వెనుక తడిసిన మట్టి బరువు, నీటి ఒత్తిడి రెండూ వుంటాయి. సిమెంటుతో సందులన్నీ మూసేస్తే లోపలి నీటికి దారి లేక ఒత్తిడి పెరిగి, ఒకనాడు గోడ మొత్తం తోసుకు వస్తుంది. రాళ్ళ సందుల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఊరుతూ వుంటే గోడ నిలుస్తుంది. గోడ వెనుక అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, ఆపైన బంకమన్ను, అన్నిటికంటే పైన సాగుమట్టి వేస్తారు. బంకమన్ను పొర నీటిని కిందికి దిగనివ్వదు. మనవాళ్ళు పొలం దమ్ము చేసి అడుగున గట్టిపొర ఏర్పడేటట్లు చూస్తారు కదా, ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఇంత మన్ను కొండ మీదికి మోసింది ఎవరని అడుగుతారేమో. కొంత మనుషులు మోశారు. కొంత నీరే మోసింది. పైనుంచి కాలువను మళ్ళించి, ఆ ప్రవాహంలో మన్ను కలిపి కావలసిన చోటికి పారించి నింపుకొనే ఉపాయం వాళ్ళకు తెలుసు.

నీరు ఎక్కడినుంచి వస్తుంది? కొండ శిఖరాన పెద్ద చెరువేదీ లేదు. అక్కడున్నది అడవి. మడులకు పైన వుండే ఈ అడవి ముక్కలను 'ముయోంగ్' అంటారు. ఒక్కొక్క ముయోంగ్ ఒక్కొక్క కుటుంబానిది. తరతరాలుగా ఆ కుటుంబమే దాన్ని కాపాడుతుంది. వంటచెరకు, ఇంటి కలప, పండ్లు అందులోంచి తెచ్చుకుంటారు. కాని మొత్తం నరికివేయరు. కుండపోతగా కురిసే వానను చెట్ల ఆకులు, కిందరాలిన చెత్త, వేళ్ళు అడ్డగించి నేలలోకి ఇంకిస్తాయి. స్పాంజి పీల్చుకున్నట్లు పీల్చుకొని ఆ నేల తర్వాత నెలల తరబడి ఊటలుగా నీరు వదులుతుంది. ఊటనీరు కాలువల ద్వారా పై మడికి, పై మడి నిండాక తూము గుండా దాని కింది మడికి, అలా చిట్టచివరి మడి దాకా వెళ్ళి లోయలోని ఏటిలో కలుస్తుంది. పై మడిలోని ఎరువు సారం కూడా నీటితో కిందికి నడుస్తుంది.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. పైవాడు నీరు ఆపితే కిందివాడు ఎండిపోతాడు. పైవాడి గోడ కూలితే కిందివాడి పంట మన్నుపాలవుతుంది. మరి పోలీసులు, కోర్టులు లేని రోజుల్లో తగాదాలు ఎలా తీర్చుకున్నారు? ఆర్.ఎఫ్. బార్టన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు ఈ కొండలలో యేళ్ళ తరబడి వుండి, 1919లో 'ఇఫుగావో లా' అనే పుస్తకం ప్రచురించాడు. రాజు లేకపోయినా, రాతలో చట్టం లేకపోయినా, నీటి వాటాల గురించి, కాలువ తవ్వినవాడి హక్కు గురించి వీళ్ళకు ఎంత కచ్చితమైన కట్టుబాట్లున్నాయో అందులో వివరించాడు. నాబోటి బడిపంతులు అంత పనిచేశాడంటే నాకు కాస్త గర్వంగానే వుంటుంది.

మరొక కట్టుబాటు చూడండి. ఒక ప్రాంతంలో నాట్లు ముందుగా ఒక నిర్ణీత కుటుంబపు మడిలోనే మొదలుకావాలి. అందుకు పూజలు, కోళ్ళ బలులు వుంటాయి. ఆ తర్వాతే మిగతావాళ్ళు నాటాలి. వినగానే మూఢనమ్మకం అనిపిస్తుంది. కాని దీనివల్ల లోయంతా ఇంచుమించు ఒకేసారి నాటి, ఒకేసారి కోస్తారు. కోత అయ్యాక పురుగులకు, ఎలుకలకు ఎక్కడా తిండి దొరకదు. వాటి సంతతి పెరగదు. మన వ్యవసాయాధికారులు 'అందరూ ఒకేసారి నాట్లు వేయండి' అని చెప్పేది సరిగ్గా ఇందుకే.

ఇక్కడి పాతకాలపు వరిని 'తినవోన్' అంటారు. ఏడాదికొకసారి పండేది అని దాని అర్థం. కొండ చలిలో మెల్లగా పెరిగి ఇంచుమించు ఆరు నెలలు తీసుకుంటుంది. ఇదే ఫిలిప్పీన్స్ దేశంలో, మనీలా దగ్గర లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్.8 అనే పొట్టి వరిని విడుదల చేసింది. 1967లో మన పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి పేరు తెచ్చుకున్న సంగతి మీ తాతగార్లకు గుర్తుండవచ్చు. ఐ.ఆర్.8కి నాలుగు నెలల పైచిలుకు చాలు. ఒకే దేశం మనకు తొందరపడే వరిని పంపి, తన కొండల మీద నెమ్మదైన వరిని వుంచుకున్నదన్నమాట.

ఇప్పుడు అసలు తగవు దగ్గరికి వద్దాం. ఈ మెట్లు ఎంత పాతవి? చాలా పుస్తకాలలో 'రెండువేల ఏళ్ళు' అని వుంటుంది. యునెస్కో వారి వర్ణనలోనూ అదే అంకె కనబడుతుంది. ఈ అంకె ఎలా వచ్చింది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒట్లీ బేయర్ అనే శాస్త్రజ్ఞుడు, మనం ఇందాక చెప్పుకున్న బార్టన్, 'ఇన్ని గోడలు కట్టడానికి ఇంత కాలం పట్టి వుంటుంది' అని అంచనా వేశారు. తవ్వి చూసి చెప్పింది కాదు. 1962లో ఫీలిక్స్ కీసింగ్ దీన్ని సందేహించాడు. పాత స్పానిష్ రాతల్లో ఇంత పెద్ద మెట్ల ప్రస్తావన లేదేమని అడిగాడు.

స్టీఫెన్ అకబాడో అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు గోడల అడుగున దొరికిన బొగ్గుముక్కలను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించాడు. చెట్టు చచ్చిన క్షణం నుంచి దానిలోని కార్బన్-14 తగ్గుతూ పోతుంది. 5,730 ఏళ్ళకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే చెట్టు ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. అయితే ఇక్కడొక మెలిక వుంది. మడిలోని మన్ను పైనుంచి కొట్టుకువచ్చినది. అందులోని బొగ్గు గోడకంటే ఎంతో పాతది కావచ్చు. గోడ పునాది కింద దొరికిన బొగ్గు 'నాకంటే ముందు ఈ గోడ లేదు' అని మాత్రమే చెబుతుంది. అందుచేత ఒక్క ముక్కను నమ్మక, లోయ అడుగు మడులు ముందు, పై మడులు తర్వాత కట్టి వుంటారన్న వరుసను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. 2012 నుంచి కియాంగన్ దగ్గర పాత వూరి దిబ్బను కూడా తవ్వారు. తేలిందేమంటే, కొండ మీద నీటివరి సాగు పదిహేడో శతాబ్దానికి ముందు వున్నట్టు ఆధారాలు దొరకలేదు. అంతకుముందు వాళ్ళు తడినేలల్లో చామదుంప పండించేవారు.

నాలుగువందల ఏళ్ళే అంటే గొప్ప తగ్గిపోయినట్లా? ఇఫుగావోలలో కొందరికి ఆ మాట కష్టంగానే తోచింది. కాని కథ ఇలా చూడండి. పదహారో శతాబ్దం చివర స్పెయిన్ సైన్యాలు ఉత్తర లుజోన్ మైదానాలను ఆక్రమించాయి. మైదానాల నుంచి జనం కొండలెక్కారు. ఎక్కినవాళ్ళకు తిండి కావాలి. దుంపల స్థానంలో వరి వచ్చింది. మెట్లు శరవేగంగా కొండలెక్కాయి. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా స్పెయిన్ వారు ఈ కొండలను పూర్తిగా లొంగదీసుకోలేకపోయారు. రెండువేల ఏళ్ళు తీరిగ్గా కట్టారనడం కంటే, ఆపద ముంచుకువచ్చినప్పుడు కొద్ది తరాలలో కట్టారనడమే నాకు గొప్పగా తోస్తుంది.

1995లో యునెస్కో ఈ మెట్లలో ఐదు చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అవి బతాద్, బంగాన్, మయోయావో, హుంగ్‌దువాన్, నగకదన్. నోటు మీద బొమ్మకెక్కిన బనావే దృశ్యం ఆ ఐదింటిలో లేదు! చుట్టూ కొత్త కట్టడాలు పెరిగిపోయిన చోటు అది. 2001లో మొత్తం జాబితాను 'ప్రమాదంలో వున్నవి' అనే పట్టికలోకి మార్చారు. అప్పటికి నాలుగింట ఒక వంతుకు పైగా మడులు బీడుపడ్డాయి. మరమ్మతులు, ఏర్పాట్లు జరిగాక 2012లో ఆ పట్టిక నుంచి తొలగించారు.

ప్రమాదం ఎక్కడినుంచి? వానపాము నుంచి కూడా! వానపాము రైతు నేస్తమని నేను ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఇక్కడ మాత్రం పెద్దపెద్ద వానపాములు గట్లలో బొరియలు చేసి నీరు కారిపోయేటట్లు చేస్తాయి. నీరు నిండుగా వున్నంతకాలం అవి మడిలో వుండలేవు. మడి ఎండితే చొరబడతాయి. అంటే పాముల కంటే ముందు మడిని వదిలేసిన మనిషి వున్నాడు. చదువుకున్న యువకులు నగరాలకు వెళ్ళారు. ఏడాదికొక పంట ఇల్లు గడపదు. మరమ్మతు చేసే చేతులు లేక గోడ కూలుతుంది. ఒక గోడ కూలితే దాని కిందివీ కూలతాయి. దీనికి తోడు 1980లలో తిండికోసమని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన బంగారు నత్తలు దేశమంతా పాకి లేత నారును కొరికేస్తున్నాయి. యాత్రికుల డబ్బు కొంత ఆసరా. కాని గైడుగా వెళ్ళిన కుర్రవాడు ఆ రోజు గోడ కట్టలేడు కదా.

మెట్లు కాక చూడదగినవి ఇంకా వున్నాయి. ఇఫుగావో ఇల్లు నాలుగు స్తంభాల మీద నిలబడుతుంది, మేకులు వుండవు, విప్పి మరోచోట కట్టుకోవచ్చు. స్తంభం పైభాగాన గుండ్రని కొయ్యచక్రం తొడుగుతారు. పైకి ఎగబాకే ఎలుక ఆ చక్రం దగ్గర ఆగిపోతుంది. గాదెల దగ్గర 'బులుల్' అనే కొయ్యబొమ్మలు ధాన్యానికి కాపలా కూర్చుంటాయి. నాట్లప్పుడు, కోతలప్పుడు ముసలమ్మలు 'హుద్‌హుద్' అనే గాథలు పాడతారు. ఇవి రెండువందలకు పైగా వున్నాయట. ఒక్కటి పూర్తిగా పాడితే మూడు నాలుగు రోజులు పడుతుంది. యునెస్కో 2001లో వీటిని గుర్తించింది. కోతలయ్యాక హుంగ్‌దువాన్‌లో ఏటికి ఇరుగట్ల వాళ్ళు నీళ్ళలో దిగి ఒకరినొకరు లాగే 'పున్నుక్' ఆట వుంది. బనావేలో ఇంబాయా పండుగనాడు కొయ్య స్కూటర్ల మీద కొండ దిగే పందెం పెడతారు. కియాంగన్ చరిత్రకెక్కిన చోటు. 1945 సెప్టెంబరులో జపాను సేనాని యమషిత లొంగిపోయింది అక్కడే.

ఎప్పుడు వెళ్ళాలి? జనవరి ప్రాంతంలో వెళితే మడులన్నీ నీటితో అద్దాలలా మెరుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పచ్చగా వుంటాయి. జులైలో కోతలు. బతాద్‌కు మాత్రం జీపు దిగి కాలిబాటన నడవాలి. గట్ల మీద ఒకరి వెనుక ఒకరుగా నడవండి. బరువు మోసుకొచ్చే వాళ్ళు ఎదురైతే మీరే ఆగి దారి ఇవ్వండి. మెట్లన్నీ దిగి అవతల తప్పియా జలపాతం దాకా వెళ్ళవచ్చు. పోయేటప్పుడు హాయిగానే వుంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు ఆ గోడల ఎత్తు ఎంతో మోకాళ్ళకు బాగా తెలుస్తుంది.